ఎడమచేతి కెప్టెన్

సింగపూర్‌లో యూ టీ అనే పేటలో ఉండే రాజామణి ఆంటీ ఈ లోకంలో నమ్మేది ఒక్క దేవుణ్ణే. ఆయన్ని కూడా హారతి వెలుగులో ఒకసారి తేరిపార చూసి, నిన్నటి ఆయనే అని రూఢి చేసుకున్నాకే దణ్ణం పెడుతుంది. ఆవిడకి అనుమానం. ఫలానా దాని మీద అని లేదు. పాలు మరీ తెల్లగా ఉంటే అనుమానం, కాస్త పసుపుగా ఉంటే మరీ అనుమానం. పక్క ఫ్లాట్ చైనా ముసలాయన నవ్వుతూ గుడ్‌మార్నింగ్ చెబితే, నిన్న ఎందుకు చెప్పలేదని అనుమానం.

"నాకెందుకో అనుమానంగున్నాది" అనడం ఆవిడకి ఊపిరి పీల్చడం లాంటిది. ఆ మాట వినపడని రోజున భర్త గోవిందు అంకుల్ వెళ్లి ఒంట్లో బాగుందా అని అడిగేవాడు. "ఇయాల ఏటి కొత్తగా అడుగుతున్నావు? నాకెందుకో అనుమానంగున్నాది" అనేది ఆవిడ. ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పేపర్లో తల దూర్చేవాడు.

హాకర్ సెంటర్‌కి భోజనానికి వెళ్తే అందరూ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసుకుంటారు, అంటే చోటు ఆపి పెట్టుకుంటారు. ఆ ప్యాకెట్ ఉన్నంతసేపు ఆ బల్ల జోలికి ఎవరూ రారు. దేశమంతా గౌరవించే ఈ కట్టుబాటుని ఆంటీ గౌరవించదు. "కాయితం ముక్క మీద నమ్మకమేటి?" అని టిష్యూ ప్యాకెట్ పక్కనే గోవిందు అంకుల్‌ని కూడా పెట్టి వెళ్లేది. ఆవిడ చేప కూరతో తిరిగొచ్చేదాకా ఆయన ఆ ప్యాకెట్‌కి కాపలా. కూర కాస్త ఎక్కువ వేశారనుకోండి, నిన్నటిదని అనుమానం. తక్కువ వేస్తే మనిషే దొంగ.

ఇలాంటి ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని దిగింది అమూల్య. కడప పిల్ల. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఒకేసారి మన పిల్లల కోసం కబురు పెట్టిన రోజులవి. సైన్స్ పార్క్‌లో ఒక కంపెనీ ఆమెని విమానం ఎక్కించి రప్పించుకుంది. తండ్రి రంగనాథ్ కడపలో ఆడిట్ ఆఫీసరు, అంటే సర్కారు జీతమిచ్చి మరీ అనుమానపడమన్న మనిషి.

వచ్చిన రోజునే ఆంటీ ఆయనకి ఫోన్ చేయించింది.

"బాబూ, మీ పిల్ల అని ఒక పిల్ల వొచ్చినాది. మీ పిల్లేనని ఏటి గురుతు?"

రంగనాథ్ ఒక్క క్షణం బిత్తరపోయి, మోచేతి దగ్గర పుట్టుమచ్చ చెప్పాడు. ఆంటీ అమూల్య చెయ్యి తిప్పి చూసింది.

"ఉన్నాది. మరి మీరు ఆ పిల్ల తండ్రేనని ఏటి గురుతు?"

ఆ ఫోన్ అలా చాలాసేపు సాగింది. అమూల్య అవమానంతో కుంచించుకుపోయింది. ఇక సామాను సర్దుకోవడమే అనుకుంటుండగా తండ్రి గొంతు వినపడింది. ఉద్యోగంలో చేరాక ఆయన అంత ఆనందంగా ఉండగా ఆమె ఎప్పుడూ వినలేదు. "పాపా, ఆమె ఇల్లు వదిలి యాడికీ పోవద్దు. ఇట్లాంటామె దొరకడం నీ అదృష్టం!"

మలేషియాలో రబ్బరు తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆంటీ. విశాఖపట్నం వైపు నుంచి ఎప్పుడో తాతల నాడు ఓడెక్కి వచ్చిన తెలుగు, దారిలో కాస్త అరవాన్నీ కాస్త మలయ్‌నీ కలుపుకుని, ఆవిడ నోట భద్రంగా ఉండిపోయింది. పెళ్లయ్యాక గోవిందు అంకుల్‌కి ఇక్కడ బస్సు నడిపే ఉద్యోగం వచ్చి దక్షిణానికి దిగారు. ఆయన రిటైరయ్యాడు. ఆవిడ అనుమానాలకి రిటైర్మెంట్ లేదు.

వాటన్నిటికీ మూలం ఒక సినిమా అని అమూల్యకి మొదటి ఆదివారమే తెలిసింది. పాత హాలీవుడ్ ప్రేమకథ. అమెరికాలో అంతర్యుద్ధానికి ముందు కాలం. కనుచూపు మేర పత్తి చేలు, మధ్యలో తెల్లని స్తంభాల బంగళా, గోపురమంత గౌనులో కథానాయిక, నదిలో పొగ వదిలే పడవ, దాని మీద టోపీ పెట్టుకున్న కెప్టెన్. దాని ఇంగ్లీషు పేరు ఆంటీ నోట ఎప్పుడూ రాలేదు. 'తెల్లబంగ్లా సినిమా' అనేది. నాలుగు సీడీల పెట్టె టీవీ కింద దేవుడి పటం పక్కన ఉండేది.

"ఈ కెప్టెన్ని సూడు," అంది ఆంటీ ఆ రోజు. "మెట్ల మీద నిలబడి ఆ పిల్లకి మాటిచ్చినాడా? ఇచ్చి పడవెక్కి యుద్ధానికి పోనాడు. మరి రాడు. ఎందుకో తెలుసా?"

"ఎందుకాంటీ?"

"ఎడమచేతోడు! టోపీ ఎడమచేత్తో తీస్తాడు, ఉంగరం ఎడమచేత్తో తొడుగుతాడు. ఎడమచేత్తో ఇచ్చిన మాట నిలబడతాదేటి?"

అమూల్య టీవీ వంక చూసింది. కెప్టెన్ నిక్షేపంగా కుడిచేత్తో టోపీ తీస్తున్నాడు.

"కుడిచెయ్యే కదాంటీ?"

"అద్గదీ! సీడీ డూప్లికేట్. కొన్ననాడే అనుమానం వొచ్చినాది. మెట్లు కూడా ఆ పక్కుండాల, ఈ పక్క ఎట్టినారు. నాలుగో సీడీ అయితే అసలు ముట్టుకోకు. అది ఈళ్లు తరవాత కలిపినారు. మేం సూసినప్పుడు మూడోదాంతో కథైపోనాది."

అలా ఆ ఇంట్లో ఎడమచేతి వాళ్లకి ప్రవేశం లేకుండా పోయింది. ఎడమచేత్తో కత్తెర పట్టే మంగలి దగ్గరికి గోవిందు అంకుల్‌ని వెళ్లనిచ్చేది కాదు. పార్సిల్ తెచ్చిన కుర్రాడు ఎడమచేత్తో పెన్ను తీస్తే తలుపు సగం మూసి, ఆ సందులోంచి ఇంకోసారి అతని ముఖం చూసేది.

సినిమా చూసే తీరులో ఆవిడకి ఇంకో విడ్డూరం కూడా ఉంది. కథానాయిక ఏడుస్తుంటే అందరూ ఆమె కళ్లు చూస్తారు కదా. ఆంటీ వెనక దీపం పట్టుకుని నిలబడ్డ నల్లపిల్లని చూసేది. "ఈ దొరసాని ఏడుపు ఎప్పటికి తెముల్తాదో. పావం, ఆ పిల్ల చెయ్యి కాలదూ?" కెప్టెన్ పత్తి చేను పక్క నుంచి గుర్రం మీద వస్తే, ఆవిడ కళ్లు చేలో వంగిన వీపుల మీద ఉండేవి. "ఆళ్లకి ఇంకా కూడెట్టలేదు, ఈడు షికారుకి బయల్దేరినాడు."

అమూల్యకి ఇవన్నీ తమాషాగానే ఉండేవి. కౌశల్ పరిచయమయ్యే దాకా.

కౌశల్‌ది వరంగల్. సైన్స్ పార్క్‌లోనే ఇంకో భవనంలో, ఫొటోలో ఏముందో కంప్యూటర్ గుర్తుపట్టేలా చేయాలని కుస్తీ పడుతున్న పరిశోధకుడు. క్లెమెంటీ బస్టాపులో రోజూ కలిసి నిలబడి, ఏ బస్సు రాకపోయినా బాగుండుననిపించే దశకి ఇద్దరూ చేరారు. మంచివాడు. నెమ్మదస్తుడు. ఒకటే లోపం. ఎడమచేతి వాటం.

ఫోన్లో తండ్రికి విషయం చెప్పింది. రంగనాథ్ ఆలోచించి తీర్పు ఇచ్చాడు. "పాపా, రాజామణమ్మ ఆ పిల్లోణ్ణి చూసి సరే అంటే నాదేం లేదు, ముహూర్తం పెట్టిస్తా. ఆమెకి అనుమానం తగిలిందంటే మాత్రం ఆ మాట మర్చిపో. ప్రొద్దుటూరు సంబంధం వాళ్లకి నేను జవాబు చెప్పాల."

ఆ వారమంతా బస్టాపులో శిక్షణ నడిచింది.

"నీళ్ల బాటిల్ అందుకో. కుడిచేత్తో!"

"అందుకున్న గదా."

"ఇప్పుడు ఈ పెన్ను."

"ఏంది అమూల్యా, ఎప్పుడో పడవల పోయిన కెప్టెన్ కోసం నాకు గింత శిక్షనా?"

"ఒక్క మధ్యాహ్నం ఓర్చుకో, నీకు పుణ్యముంటుంది. ఆ ఎడమచెయ్యి లేదనుకో."

ఆదివారం కౌశల్ మామిడిపళ్లతో వచ్చాడు. కుడిచేత్తో బెల్లు కొట్టాడు, కుడిచేత్తో పళ్లు ఇచ్చాడు, కుడిచేత్తోనే అవస్థపడి చెప్పుల బకిల్ విప్పుకున్నాడు. సోఫాలో కూర్చుంటూ ఎడమచెయ్యిని ముందుజాగ్రత్తగా తొడ కింద పెట్టుకున్నాడు.

ఆంటీ అతన్ని ఆపాదమస్తకం చూసింది.

"ఆ చెయ్యి కింద ఏటి దాసినావు, బాబూ?"

"ఏం లేదాంటీ. చలి."

"సింగపూర్‌లోనా?"

"ఏసీ ఆఫీసు కదాంటీ, అలవాటైపోయింది," అని అమూల్య అడ్డుపడింది.

"ఇయాల ఆదివారం. ఆఫీసు లేదు. చలేటి? నాకెందుకో అనుమానంగున్నాది."

పరీక్ష పెట్టినట్టు ఆంటీ మొదటి సీడీ వేసింది. అద్దెకున్న అమ్మాయిల పెళ్లిచూపులకి వచ్చిన ఏ అబ్బాయినైనా ఆవిడ ఆ సినిమా ముందు కూర్చోబెట్టేదట. బెల్లు మోగితే తలుపు దాకా, ఈల వేస్తే కుక్కర్ దాకా వెళ్లివస్తూ, మధ్యలో సినిమా కాక అబ్బాయిని చూసేది. గోవిందు అంకుల్ మూల కుర్చీలో పేపర్ చాటున ఉన్నాడు. బల్ల అంచున జంతికల డబ్బా, దాని పక్కన గ్లాసులో మజ్జిగ.

మొదటి సీడీ అయింది. రెండోదీ అయింది. కౌశల్ తొడ కింది చెయ్యి తిమ్మిరెక్కి తనది కాకుండా పోతే, మెల్లగా బయటికి లాగి ఒళ్లో దాచుకున్నాడు. అమూల్యకి కాస్త ధైర్యం వచ్చింది. మూడో సీడీలో కెప్టెన్ మెట్లెక్కుతున్నాడు. ఆంటీ అతన్ని వేలెత్తి చూపించబోయి గ్లాసుని తోసేసింది. అది బల్ల అంచు దాటింది.

కౌశల్ పట్టుకున్నాడు. చుక్క మజ్జిగ ఒలకలేదు. మంచి క్రికెట్ ఆటగాడు చూస్తే చప్పట్లు కొట్టేవాడు. కానీ పట్టుకున్నది ఎడమచేత్తో.

ఆంటీ ఆ చేతి వంక చూసింది. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది.

"అలమాక్!" అంది ఆంటీ, మలయ్‌లో అమ్మో అన్నట్టు. "ఎడమ!"

అమూల్య కళ్ల ముందు ప్రొద్దుటూరు సంబంధం మేళతాళాలతో కదిలింది. అదే సమయానికి తెర మీద కెప్టెన్ టోపీ తీశాడు.

"సూడు, ఆడూ ఎడమచేతోడే. ఈ దొంగ సీడీలో కుడి ఎట్టినారు గానీ!"

ఇక్కడ కౌశల్ చేయాల్సింది క్షమాపణ చెప్పడం. కానీ అతని మెదడులో వేరే బల్బు వెలిగింది. పెళ్లి సంగతి, చెయ్యి సంగతి మరిచిపోయి ముందుకు వంగాడు.

"ఆంటీ, ఇంకేం మారింది ఇందుల?"

"ఏటి మారలేదని అడుగు! మెట్లు ఆ పక్కుండాల. నది ఈ పక్కుండాల. దొరసాని బుగ్గ మీద మచ్చ కూడా అటుదిటు ఎట్టినారు."

"అన్నీ అటువి ఇటే అయినయా? పైవి కిందికి కాలే గదా?"

"కాలేదు."

"మీరు ఈ సినిమా ఏడ చూసిన్రు? ఏ పక్కన కూసున్నరు?"

ఆ ప్రశ్న ఆవిడని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆంటీ నోరు తెరిచేలోగా మూలనున్న పేపర్ కిందికి దిగింది.

"తెర ఎనకాతల," అన్నాడు గోవిందు అంకుల్. "మా లైన్లోల్లందరం ఎనకే."

అప్పుడు చెప్పుకొచ్చింది ఆంటీ. రబ్బరు తోటలో దొరగారి బంగళా ముందు పచ్చిక మీద, ఏటా క్రిస్మస్‌కి రెండు గుంజల మధ్య తెల్లదుప్పటి కట్టి సినిమా వేసేవారు. దొర దగ్గరున్నవి ఆ ఒక్క సినిమా రీళ్లే. ముందు కుర్చీల్లో దొరలు, వాళ్ల వెనక బెంచీల మీద గుమస్తాలు. కూలీల లైన్లలో ఉండే వాళ్లంతా దుప్పటికి అవతలి పక్క, కాలవ గట్టు మీద.

"అక్కడే బాగుండీది. గాలొచ్చీది," అంది ఆంటీ. "మాటలు మాకేటి తెలుస్తాయి, ఇంగ్లీసు గదా. కంగాణి ఓబయ్య తాతే మా అందరి మీదా మేస్త్రీ. ఆయనకి రెండు ముక్కలొచ్చు. ఆయన సెప్పీవోడు. కెప్టెను దొరసాని సెవిలో గుసగుసలాడితే, 'రేప్పొద్దున్న అయిదింటికే హాజరుకి రమ్మంటున్నాడు' అనీవోడు. దొరసాని ఏడిస్తే, 'కుదరదంటన్నాది' అనీవోడు. ఆఖరి రీలు బూజట్టి పోనాది. కెప్టెన్ పడవెక్కీసరికి బొమ్మ ఆగిపోయీది. 'ఇంక రాడు, కథైపోనాది, పొద్దున్నే పనుంది లేవండి' అనీవోడు తాత. ఏటా అంతే. ఏటా ఎల్లిపోయీవోడు."

కౌశల్ లేచి నిలబడ్డాడు. "అమూల్యా, మీ ఇంట్ల పెద్ద అద్దం ఉన్నదా?"

"అద్దమెందుకు? నాకెందుకో..." అని ఆంటీ మొదలుపెట్టే లోపే అమూల్య గదిలోంచి నిలువుటద్దం వచ్చేసింది. దాన్ని టీవీకి ఎదురుగా కుర్చీలో నిలబెట్టి, సీడీని మెట్ల సీను దాకా వెనక్కి జరిపి, ఆంటీ కుర్చీని వెనక్కి తిప్పాడు కౌశల్. ఆవిడ వీపు టీవీకి, ముఖం అద్దానికి. "ఇప్పుడు చూడుండ్రి."

అద్దంలో మెట్లు ఆ పక్కకి వెళ్లాయి. నది ఈ పక్కకి వచ్చింది. కెప్టెన్ ఎడమచేత్తో టోపీ తీశాడు.

ఆంటీ అద్దం వైపు ముందుకు వంగింది. అమూల్య భయపడి ముఖంలోకి తొంగి చూసింది. ఆ ముఖంలో అనుమానం లేదు. అది లేకపోయేసరికి ఆవిడ ఎవరో వేరే మనిషిలా, కాలవ గట్టు మీద గౌను సర్దుకు కూర్చున్న పిల్లలా ఉంది.

"ఓలమ్మా... ఇదేనే. ఇదే అసలుది. అదిగో దీపం పిల్ల, దాని సోటుకి అది వొచ్చీసినాది. గోవిందూ, సూసినావా?"

"సూస్తన్నాను," అన్నాడు అంకుల్.

"గట్లంటే ఆంటీ, తప్పు సీడీది కాదు. కెప్టెన్‌ది మొదటి నుంచీ కుడిచెయ్యే. తెర వెనకనుంచి చూస్తే ఎడమ లెక్క కనవడ్డది," అన్నాడు కౌశల్.

"అయితే," అంది ఆంటీ మెల్లగా, "ఎడమచేతోల్లని ఇన్నాళ్లూ ఊరికే అనుమానించీసినానా?"

మూలన పేపర్ పూర్తిగా ముడుచుకుంది. గోవిందు అంకుల్ గొంతు సవరించుకున్నాడు.

"రాజా, ఒక మాట. నాదీ ఎడమే."

ఆంటీ గిర్రున తిరిగి ఆయన చేతుల వంక చూసింది.

"పెళ్లిసూపుల్లోనే నువ్వు కెప్టెన్ మాటెత్తినావు. అప్పట్నుంచి కుడితో సర్దుకొచ్చీసినాను. బస్సులో గేరు ఎడమచేతికే ఉండీది గాబట్టి ఉద్యోగం గడిచిపోనాది."

ఆంటీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందేమో అనుకుంది అమూల్య.

"నాకు పెళ్లినాడే అనుమానం వొచ్చినాది!" అని అరిచింది ఆంటీ.

ఇంత జరిగినా కౌశల్ సంగతి ఏమిటో ఆవిడ చెప్పలేదు. జంతికలు పెట్టింది, మామిడిపళ్లు కోసింది, ప్రతి ముక్కా వాసన చూసి ఇచ్చింది. ఇంతలో కడప నుంచి ఫోన్ మోగింది. అమూల్య స్పీకర్ నొక్కింది.

"నమస్కారం తల్లీ. పిల్లోణ్ణి చూసినారా?"

"సూసినాను బాబూ. నాకెందుకో అనుమానంగున్నాది."

అమూల్య గోడకి జారబడింది. కౌశల్ చెప్పుల కోసం చూశాడు.

"ఎడమచేతోడు," అంది ఆంటీ.

"ఎడమచెయ్యా?" రంగనాథ్ ఆలోచించాడు. "దాంట్లో ఏముందిలేమ్మా, మా పైఆఫీసరే ఎడమచేత్తో సంతకం పెడతాడు."

"ఏడుపు సినిమా ఏసినాను. సుక్క కన్నీరు రాల్చలేదు."

"మగపిల్లోడు గదమ్మా. సినిమా చూసి ఏడిచేవాణ్ణి ఏం చేసుకుంటాం?"

"ఊరు వరంగల్లట. మీదేమో కడప. మాట కలవదు, వంట కలవదు. కారం ఎవరు తగ్గించుకుంటారు?"

"కారం ఇద్దరూ తింటారు తల్లీ, ఆ ఇబ్బందే లేదు!"

"ఇంటికొచ్చినోడు టీవీ ముందు అద్దం ఎట్టమన్నాడు. అలాటోడికి మతి సరిగ్గా ఉంటాదా?"

"పరిశోధన చేసే పిల్లోళ్లు అట్లే ఉంటారమ్మా! తెలివి ఎక్కువ. ఏమమ్మా, అన్నిటికీ వంక పెడితే ఎట్లా? మీరు మరీ అంత అనుమానపడితే ఈ లోకంలో యాడన్నా అల్లుడు దొరుకుతాడా? ఆ పిల్లోడి తరఫున నేను చెప్తున్నా, వినండి..."

రంగనాథ్ చెబుతూనే ఉన్నాడు. ఇంతవరకు ముఖం కూడా చూడని అబ్బాయి గుణగణాలు ఒక్కొక్కటే ఆయనకి స్ఫురిస్తున్నాయి. ఆంటీ "ఊఁ... అయినా నాకు..." అంటూ నిప్పులోకి చిన్న చిన్న పుల్లలు వేస్తోంది. చివరికి ఆయన కోపంగానే అన్నాడు. "మీరు ఏమన్నా అనుకోండి తల్లీ. నేను మాత్రం ముహూర్తం పెట్టిస్తున్నా. ప్రొద్దుటూరు వాళ్లకి రేపే చెప్పేస్తా."

"మీరంతగా సెప్తన్నారు గాబట్టి మరి నేనేటి అంటాను?" అని ఆంటీ ఫోన్ పెట్టేసింది. పెట్టేసి, కోసిన మామిడిముక్క ఒకటి నోట్లో వేసుకుంది.

"ఆంటీ!" అంది అమూల్య.

"ఏటే? ఆయన కడుపులో పది అనుమానాలుంటాయి. ఆడపిల్ల తండ్రి గదా. ఆటన్నిటినీ నేనే అడిగీసినాననుకో, ఇంక ఆయన దగ్గర ఏటి మిగుల్తాయి? జవాబులే."

ముందు ఆ గదిలో ఉండి వెళ్లిన స్పందన పెళ్లీ ఇలాగే అయిందని గోవిందు అంకుల్ మెల్లగా బయటపెట్టాడు. "ఈ సినిమా సూసి తప్పినోడు ఇంతవరకు ఒక్కడూ లేడు," అన్నాడు.

"మరి నేను వచ్చిన రోజు మా నాన్నని అన్ని ప్రశ్నలు ఎందుకు వేశారు?"

"ఆ రోజు హలో అన్నప్పుడే మీ నాన్న గొంతు వొణుకుతున్నాది. పరాయి దేశం, పరాయి ఇల్లు. పిల్లని ఎవరి సేతుల్లో ఎట్టీసినానో అని. తన కంటే అనుమానం మనిషి ఆయనకి కనిపిస్తే గానీ ఆ రోజు కూడు తినడనిపించినాది." ఇంతలోనే కౌశల్ వైపు తిరిగింది. "నీ సంగతి ఇంకా తేలలేదు. ఆ నాలుగో సీడీ తీసి ఎట్టు. ఎడమచేత్తోనే ఎట్టు, పర్లేదు."

పెట్టె కొన్న తరవాత ఆ సీడీ బయటికి రావడం అదే మొదలు. నలుగురూ టీవీకి వీపు పెట్టి అద్దం వైపు తిరిగి కూర్చున్నారు. బంగళా కాలిపోయింది, పత్తి చేలు ఖాళీ అయ్యాయి. దీపం పిల్ల దీపం కింద పెట్టేసి గేటు దాటి తన దారిన తాను వెళ్లిపోయింది. "పోనీలే, సెయ్యి ఖాళీ అయినాది," అంది ఆంటీ తృప్తిగా. అంతలో నది మలుపులో పొగ కనిపించింది. గడ్డం పెరిగిన కెప్టెన్ కుంటుకుంటూ దిగి, కాలి మిగిలిన మెట్ల ముందు నిలబడి, అద్దంలో ఎడమచేత్తో టోపీ తీశాడు.

"వొచ్చినాడే!" అంది ఆంటీ. "ఓబయ్య తాత ఇంక రాడన్నాడు గానీ, వొచ్చినాడే!"

గోవిందు అంకుల్ పెళ్లయ్యాక మొదటిసారి ఎడమచేత్తో జంతిక తీసుకుని హాయిగా కొరికాడు. ఆంటీ అద్దంలో కెప్టెన్ని, పక్కన భర్తని మార్చి మార్చి చూసింది. కళ్లు తుడుచుకుంది. ఆ తరవాత కనుబొమ్మలు మెల్లగా దగ్గరికొచ్చాయి.

"వొచ్చినాడు సరే. ఇన్నాళ్లూ యాడ తిరిగినాడో... నాకెందుకో అనుమానంగున్నాది."